పెదనాయన పూసిన ఎర్రరంగు

పోయిన వారం మా పెదనాయన కన్నుమూశాడు. నిమోనియా. మట్టి చెయ్యడానికి వచ్చినవాళ్లంతా వయసైపోయిందిలే అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఆయన్ని చంపింది వయసు కాదు, మొండితనం.

ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో శెనక్కాయ పంట ఎన్నిసార్లు ఎండినా ఆయన గొర్రెల మంద మాత్రం నిలిచింది. వానలకు ముందే గొంతువాపు రాకుండా సూదులు వేయించేవాడు. సూది పడిన గొర్రె వీపు మీద గుర్తుగా తన చేత్తోనే ఎర్రరంగు పూసేవాడు. నా చిన్నప్పుడు మా అమ్మ భయపడితే, నన్ను భుజాన వేసుకుని టీకాకు తీసుకుపోయిందీ ఆయనే. "ఈ పొద్దు పాప ఏడిస్తే ఏడవనీ. రోగమొస్తే మనమేడ్సల్ల" అన్నాడట. ఆయన దయ వల్లే నేనీ వయసుదాకా వచ్చాననుకుంటాను.

నిరుడు పెదనాయనకు బీడీ దగ్గు ముదిరితే అనంతపురంలో డాక్టరుకు చూపించాను. నిమోనియాకు టీకా ఉందని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఆ క్రిమికి జారుడు పొర ఉంటుందట. ఊపిరితిత్తుల్లో కాపలా కాసే కణాలకు అది సులువుగా చిక్కదు. టీకా పడితే ఒళ్లు ఆ పొరను ముందే ఎరిగి ఉండి, క్రిమి రాగానే దానికి గుర్తు అంటిస్తుంది. గుర్తు పడినదాన్ని కాపలా కణాలు పట్టి మింగేస్తాయి.

"మన ఎర్రరంగు మాదిరే గదప్పా" అని పెదనాయన నవ్వాడు. అంతా అర్థమైంది. అయినా చొక్కా చెయ్యి పైకి తియ్యలేదు.

"సంతకు పోయే గొర్రెకు సూది యాల పాపా? దండగ."

మా వైపు పద్ధతి అదే. అమ్మేయబోయే ముసలి గొర్రె మీద మందు వృథా చెయ్యరు. పెద్దమ్మ బతిమాలింది, నేను అరిచాను. వినలేదు. నువ్వు సంతకు పోయేవాడివని ఎవరు చెప్పారయ్యా నీకు?

టీకా వేయించుకుంటే తప్పక బతికేవాడని ఏ డాక్టరూ ప్రమాణం చెయ్యడు. ఒంటికి పోరాడే సాయమైనా చెయ్యలేదే అన్నదే నా కడుపుమంట. ఆసుపత్రిలో మూతికి ఆక్సిజన్ పెట్టుకుని రొప్పుతూ కూడా, మందకు నీళ్లు పెట్టారా అని పెద్దమ్మకు సైగ చేశాడు.

మట్టి చేసి వచ్చాక గొర్రెల దొడ్డి వైపు పోయాను. ఈ వానలకు ముందు ఆయన పూసిన రంగు ఇంకా చెరగలేదు. సంతకు తోలడానికి మనసొప్పక ఆయన సాకుతూ వచ్చిన పళ్లూడిన గొర్రె ఒకటి మూలన పడుకుని నెమరేస్తోంది. దాని వీపు మీదా ఎర్రరంగు ఉంది.