మందు కేక

మా కంది చేను ఆళ్లగడ్డ దాటాక రెండు కిలోమీటర్లలో ఉంటుంది. నేనుండేది నంద్యాలలో. అక్కడొక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. మా నాయన పోయినప్పుడు చేను కౌలుకిచ్చేయమని బంధువులందరూ చెప్పారు. నేను వినలేదు. ఒకరి మాట వినకపోవడం నాకు చిన్నప్పుడే పట్టుబడిన విద్య. సెలవు రోజుల్లో పొద్దున్నే బస్సెక్కి వెళ్తాను, పని ఉంటే బడి రోజుల్లో కూడా వెళ్లి తొలి గంటకల్లా వచ్చేస్తాను.

నేను లేనప్పుడు చేను చూసుకునేది ఒక పెద్దాయన. మా నాయన కాలం నుంచీ మా చేలో మందు కొట్టింది ఆయనే. మా వైపు మనిషి మింగేదీ మందే, పురుగును చంపేదీ మందే. రెంటికీ వేరే మాట ఎవరూ వాడరు.

మందు ట్యాంకు వీపుకెత్తుకునే ముందు ఆయన తప్పకుండా రెండు పనులు చేసేవాడు. గట్టు మీది పొడిమట్టి గుప్పెడు తీసి రొమ్ము ఎత్తు నుంచి నెమ్మదిగా వదిలేవాడు. అది ఎటు పోతుందో చూసేవాడు. తర్వాత గట్టెక్కి నాలుగు దిక్కులకూ తిరిగి, "మందు కొడతాండామప్పోయ్" అని గొంతు చించుకునేవాడు. దాన్ని మందు కేక అంటారు. అది వినబడితే పక్క చేలవాళ్లు నీళ్ల బిందె మీద మూత పెట్టుకునేవారు, దూడను అవతలికి కట్టేసుకునేవారు. ఎవరికైనా ఇబ్బందైతే "రవ్వంత ఆగప్పా" అని అటునుంచి జవాబొచ్చేది. ఈయన బీడీ ముట్టించి కూర్చునేవాడు. కేక పెట్టకుండా కొట్టినవాణ్ణి "దొంగమందు కొట్టినాడు" అనేవారు. ఆ మాట పడటం చిన్న అవమానం కాదు.

చిన్నప్పుడు ఆ కేక వింటే నాకు నవ్వొచ్చేది. పెద్దయ్యాక విసుగొచ్చేది. ఇంత హడావిడి దేనికి అనుకునేదాన్ని.

మా చేనుకు పడమటి గట్టు అవతల మల్బరీ తోట ఉంది. తోట అంచున రేకుల షెడ్డులో ఒక ముస్లిం కుటుంబం పట్టుపురుగులు పెంచుతుంది. ఇంటాయనకు ఆళ్లగడ్డలో సైకిళ్ల రిపేరు అంగడి. కొడుకు డోన్‌లో లారీ తోలుతాడు. పురుగుల పనంతా ఇంటావిడదీ, రెండేళ్ల కిందట కాపురానికొచ్చిన కోడలిదీ. ఇంటావిడను నేను అక్కా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. మా కందిపప్పు వాళ్లింటికి పోతుంది, వాళ్ల రంజాన్ సేమియా మా ఇంటికొస్తుంది.

పట్టుపురుగులంత సుకుమారమైన ప్రాణులను నేను చూడలేదు. అవి పెరిగే నెల రోజుల్లో నాలుగుసార్లు మేత మానేసి పడుకుని తోలు విడుస్తాయి. అలా పడుకోవడాన్ని 'జ్వరం' అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఇక తిండే తిండి. అప్పుడు షెడ్డులోకి వెళ్తే చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ వారం అత్తాకోడళ్లకు నిద్ర ఉండదు. ఘాటైన వాసన ఏదీ షెడ్డు దగ్గరికి రానివ్వరు. దోమల చుట్ట, అగరబత్తి, పౌడరు, అత్తరు, అన్నీ బంద్.

పోయినేడు మా కంది పూతకొచ్చినప్పుడు పచ్చపురుగు పడింది. పెద్దాయనకు చూపు మందగించింది. చేతుల మీద ఏళ్లతరబడి పడిన మందుకు చర్మం పొట్టుపొట్టుగా లేచేది. మనిషి ఎత్తు పెరిగిన కందిలో దూరి కొడితే పైనుంచి కిందిదాకా తడిసిపోతాడు. ఇక ఆయన చేత కొట్టించకూడదని తీర్మానించుకుని డ్రోన్ మాట్లాడాను. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. మనిషి ఒంటి మీద మందు పడటం తప్పించింది ఆ యంత్రమే.

తప్పు ఆ తర్వాత జరిగింది.

డ్రోన్ నడిపేది సంజామల వైపు నుంచి వచ్చిన ఒకావిడ. ముప్పై ఐదేళ్లుంటాయి, పొదుపు సంఘంలో నేర్చుకుందట. సోమవారం పొద్దున ఆరింటికి వస్తానన్నది ఏడున్నరకు వచ్చింది. దారిలో ఇంకో చేను తగిలిందట. నాకు బడిలో పరీక్ష డ్యూటీ. ఎనిమిదింటి బస్సు తప్పితే హెడ్మాస్టరు ముఖం చూడాలి. నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఆవిడ ఫోన్‌లో మా చేను బొమ్మ తెచ్చి చుట్టూ ఎర్రగీత గీసింది. "మిషన్ ఈ గీత దాటదు మేడమ్" అంది. నాకు ముచ్చటేసింది. పెద్దాయనను పిలిచి చూపించాను. ఆయన ఫోను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "కేక పెట్టినావామ్మా?" అన్నాడు.

"కేక దేనికి తాతా? గీత గీసినారు గదా. మందు మన చేను దాటదు."

ఆయన వంగి గుప్పెడు మట్టి తీసి వదిలాడు. అది పడమటికి పోయింది. నేను చూశాను. చూడలేదని రాయాలని ఉంది గానీ, చూశాను.

డ్రోన్ ఆవిడ కూడా కంది కొసలు ఊగడం గమనించింది. "రవ్వంతసేపు ఆగుదామా మేడమ్?" అంది.

"ఫోన్‌లో గాలి ఎంత చూపిస్తాంది?"

"లిమిట్ లోపలే ఉండాది."

"మరింకేం? కానియ్, బేగా."

ఆ ఫోన్ చూపించే గాలి ఆళ్లగడ్డ ఊరిది. మా చేను మీద వీచేది మా చేను గాలి. గాలి ఒత్తిడి ఎక్కడ ఎలా మారుతుందో బోర్డు మీద బాణాలు గీసి ఇరవై ఏళ్లుగా చెప్తున్నదాన్ని నేనే. శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని. డ్రోన్ లేచింది. దాని రెక్కల కింద మందు తెల్లగా పొగలా విచ్చుకుంది. అందంగానే ఉంది. నేను వీడియో తీసి స్టాఫ్‌రూమ్ గ్రూపులో పెట్టాను. ఎనిమిదింటి బస్సు దొరికింది.

మరునాడు, మంగళవారం మధ్యాహ్నం, పెద్దాయన ఫోన్ చేశాడు.

"మల్బరీ ఆమె పురుగులు పోతాండాయమ్మా. తలకాయలు పైకెత్తి పచ్చగా కక్కుతాండాయి. నాలుగో జ్వరం లేచి మూడు రోజులు కాలా."

"ఏందంట?" అన్నాను.

"కోడలు పెండ్లికి పోయొచ్చి అత్తరు చీరతోనే షెడ్లోకి పోయిందంట. దానివల్లనే అంటాండారు. అత్త తిడతాంది, ఆ పిల్ల ఏడుస్తాంది." తర్వాత, "నేనేమీ చెప్పలేదమ్మా. నీ చేను, నీ నోరు" అని పెట్టేశాడు.

ఫోన్ పెట్టేయగానే నాకొచ్చిన మొదటి ఆలోచన ఆ పిల్ల గురించి కాదు. అత్తరు వల్లేనేమో, ఎందుకు కాకూడదు అనుకున్నాను. నా మీద నాకు ఈరోజుకీ కోపం వచ్చేది అక్కడే. రెండో పనిగా డ్రోన్ ఆవిడకు ఫోన్ చేశాను. ఆమె తన ఫోన్‌లోంచి ఆ రోజు మిషన్ తిరిగిన దారి పంపింది. పచ్చటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు వరసగా ఉన్నాయి. ఒక్కటి కూడా ఎర్రగీత దాటలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రుజువు దొరికిందనుకున్నాను.

"గాలి లేస్తుందని మీరు గట్టిగా చెప్పాల్సింది" అని ఆమెనే తప్పు పట్టబోయాను.

"ఆగుదామా అని అడిగినా గదా మేడమ్. కానియ్ అనింది మీరు" అంది. గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నేను ఆ వారమంతా పిడికిళ్లు పంచుతూ కూర్చున్నాను. యాప్‌కొక పిడికెడు, ఆలస్యంగా వచ్చినందుకు డ్రోన్ ఆవిడకొకటి, పరీక్ష డ్యూటీ వేసిన హెడ్మాస్టరుకొకటి, గాలికొకటి. ఎంత పంచినా నా చేతిలోది తరగలేదు. మిషన్ గీత దాటలేదు, నిజమే. మందు దాటింది. గీత మిషన్‌కు తెలుసు, గాలికి తెలియదు. పెద్దాయన కొట్టే రోజుల్లో గాలి తిరిగితే మందు ముందు ఆయన ముఖానే పడేది. అందుకని ఆయన ఆగేవాడు. మనిషిని తడవకుండా తప్పించాం, మంచిదే. దాంతోపాటే గాలి తిరిగిందని కనిపెట్టేవాడు కూడా లేకుండా పోయాడు. ఆ పని నాది. ఆ పొద్దున గట్టు మీద నిలబడినదాన్ని నేను.

ఇదంతా మంగళవారం రాత్రికే నాకు తెలుసు. అయినా బుధవారం పోలేదు, గురువారం పోలేదు, శుక్రవారం పోలేదు. శనివారం పరీక్ష పేపర్లు దిద్దాను. బడి అనే సాకు ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉంటుంది.

ఆదివారం పొద్దున బస్సు దిగి తిన్నగా షెడ్డు దగ్గరికి నడిచాను. అక్క షెడ్డు ముందు కూర్చుని తట్టలు కడుగుతోంది. పక్కన గుంత తీసి పురుగులను పూడ్చినట్టున్నారు, పైన సున్నం చల్లి ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడం నాకు బాగా గుర్తు.

"దా టీచరమ్మా. మా ఖర్మ చూసినావా" అంది.

నిలబడే చెప్పేశాను. సోమవారం మందు కొట్టించానని, గాలి ఇటే ఉందని, మట్టి ఇటే పోవడం చూశానని, కేక పెట్టలేదని. ఆమె మల్బరీ మీద పడింది నా మందేనని, అత్తరు కాదని.

ఆమె చేతిలో తట్ట కింద పెట్టింది.

"ఇంకో నాలుగు రోజులు మేపింటే గూళ్లు కట్టేవి" అంది. తర్వాత, "ఒక్క కేక పెట్టింటే చాలు గదమ్మా. రవ్వంత ఆగమని ఆకు కోసి లోపల పెట్టుకుంటాంటి. రెండు రోజులకు సరిపోయేది" అంది.

నష్టం నేను ఇచ్చుకుంటానన్నాను.

"ఇయ్యాల్సిందే. ఇయ్యకుంటే ఇంటికొచ్చి అడిగేదాన్ని. అది తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు నాకు చెప్పినట్టే ఆ పిల్లకు చెప్పు. నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా అన్నా దాన్ని." కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి కేకేసింది.

కోడలు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. దండెం మీద ఆరుతున్నది ఆ పెండ్లి చీరే అయుండాలి, అద్దాల అంచు చీర. ఎన్నిసార్లు ఉతికిందో జరీ నలిగిపోయింది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ అమ్మాయి చివరిదాకా విని ఒకే ఒక మాట అడిగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది మేడమ్?"

"మంగళవారం."

"ఈ పొద్దు ఆదివారం గదా" అంది. లోపలికి వెళ్లిపోయింది.

మందు కొట్టిన తప్పుకు నా దగ్గర తొందర అనీ, యాప్ అనీ ఏవో కారణాలున్నాయి. ఆ ఐదు రోజులకు నా దగ్గర ఒక్క కారణం కూడా లేదు. ఆ రోజు తిరుగు బస్సులో కూర్చుని ఏడ్చాను. పక్క సీటావిడ ఎవరైనా పోయారా అని అడిగింది. అవునన్నాను.

అక్క మల్బరీ కొసలు కత్తిరించి, కొత్త ఆకు వచ్చాక మళ్లీ పురుగులు తెచ్చింది. రాకపోకలు ఆగలేదు. రంజానుకు సేమియా కూడా వచ్చింది. ఈ ఏడు కందికి పచ్చపురుగు మళ్లీ పడింది, డ్రోన్‌నే మళ్లీ పిలిచాను. పెద్దాయనను మందులో తడిపే కాలానికి తిరిగి పోవాలని నేననుకోవడం లేదు. కాకపోతే ఈసారి సెలవు పెట్టి వెళ్లాను.

మట్టి తీసి వదిలాను. గట్టెక్కి నాలుగు దిక్కులకూ కేక పెట్టాను. "మందు కొడతాండామప్పోయ్" అని నా గొంతుతో నేను వినడం అదే మొదటిసారి. పెద్దాయన పక్కన నిలబడి, "ఇంకా గట్టిగా, బడిలో అరిచినట్టు" అన్నాడు. మళ్లీ అరిచాను.

మల్బరీలోంచి కోడలు బయటికొచ్చింది. చేతిలో కొడవలి. ఆకు కోసుకున్నారా, ఇంకాసేపు ఆగమంటారా అని అడగబోతున్నాను. ఆ అమ్మాయి గబగబా గట్టు దాకా వచ్చి, కొడవలి కింద పెట్టి, రెండు చేతులూ నా ముఖం ముందుకు చాపింది.

"వాసన చూడండి మేడమ్, నేనేమీ పూసుకోలా" అంది.