తడిగుడ్డ మీదికి నెట్టేశాను

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలి మాత్రం పడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. అక్కడ సలోమి అనే అమ్మాయి బిల్లులు కొట్టేది. వాళ్ల అమ్మానాన్నలు కూలికి వెళ్లి కంప్యూటర్ కోర్సు చదివించారు. ఆ వేసవిలో ఆఫీసు లాప్‌టాప్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోందని యజమాని నాకు కబురు చేశాడు. లోపలి వేడి ఎంతుందో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాను. తెర మీద హెచ్చరిక వచ్చింది. కొన్ని పాత మోడళ్లలో ఈ పరీక్ష చేస్తే బోర్డు మీది చిప్ పాడైపోవచ్చట, యంత్రం మళ్లీ లేవకపోవచ్చట.

“ఏదో రాశారు సార్, చూడరా?” అంది సలోమి.

“ఇవన్నీ మామూలేనమ్మా,” అని ‘ఓకే’ నొక్కేశాను.

చదవలేదా? చదివాను. అదే నా కడుపుమంట. అది ఏ మోడలో తిరగేసి చూడటానికి ఎంతసేపు పట్టేది? నాకు తెలియనిదేముందిలే అన్న పొగరు. లాప్‌టాప్ ఠక్కున ఆగిపోయింది. ఎంత తంటాలు పడ్డా మళ్లీ వెలగలేదు.

యజమాని లోపలికి వచ్చేసరికి నా నోట్లో అబద్ధం సిద్ధంగా ఉంది. ఆ యూనిట్లలో రాతిపొడి అన్నిటి మీదా పేరుకుంటుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయని అందరూ తడిగుడ్డతోనే తుడుస్తారు. సలోమి తుడిచే గుడ్డ కిటికీ ఊచకు ఆరేసి ఉంది.

“తడిగుడ్డతో తుడిచినట్టున్నారండీ. నీళ్లు లోపలికి దిగాయి,” అన్నాను.

“మూత మీదే తుడిచానండి. సార్ ఏదో నొక్కాకే ఆగిపోయింది,” అంది సలోమి.

“నోరు ముయ్యి! చేసింది చాలక ఆయన మీదకి తోస్తన్నావా? రేపట్నించి రామాక,” అని యజమాని అరిచాడు.

నేను స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుంటున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే.

ఆ పెద్దమనిషి నన్ను ఒక్క ప్రశ్నయినా అడగలేదు. ఎందుకడుగుతాడు? ఆమె ఊరి చివర దళితుల పేట నుంచి వచ్చిన పిల్ల, నేను ఆయన ఎదుట కూర్చుని కాఫీ తాగేవాణ్ణి. ఎవరి మాట చెల్లుతుందో నాకు ముందే తెలుసు. తెలిసే ఆ అబద్ధం ఆడాను. ఆయనను తిట్టుకుంటూ ఇన్నేళ్లు తప్పించుకున్నాను గానీ, ఆయన చేతికి కత్తి ఇచ్చిందెవరు?

మిగతా యూనిట్లవాళ్లు కూడా ఆమెను పెట్టుకోలేదు. యంత్రాలు పాడుచేసే పిల్ల అన్న పేరు పడిపోయింది. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతోందని తర్వాత విన్నాను. విని ఏం చేశాను? ఏమీ చేయలేదు. ఆ యూనిట్‌కు ఇప్పటికీ నేనే వెళుతున్నాను.

ఆ లాప్‌టాప్‌ను పాడుచేసింది నేను. సలోమి కాదు. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికీ నాకు కోపమే వస్తోంది. తేలికపడాల్సింది నేనా?