బకెట్లో తాబేలు

మిర్యాలగూడలో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మ కోపమొస్తే చూపుడువేలుతో ఎదుటనున్న బల్లను టకటకా కొట్టేది. ఒక వానాకాలం పెరటి వెనక మురుగు మోరీలో ప్లాస్టిక్ సంచి మెడకు చుట్టుకున్న తాబేలు కనిపించింది. మోరీ తీయమని ఆమె అప్పటికే మూడుసార్లు అర్జీ పెట్టింది. సంచి కోసి, తాబేలును బకెట్లో వేసుకుని మున్సిపాలిటీకి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

అక్కడి అధికారి నవ్వాడు. "ఇది ఫారెస్టోళ్ల పనమ్మా!" ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె వేలు ఆయన బల్ల మీద మోగింది. "గా మోరీ పక్కనే మా పిల్లలు పండుకుంటున్నరు. వాళ్లు ఏ డిపార్ట్‌మెంటు సారూ?"

తాబేలును చెరువులో వదిలాం. మర్నాడు పనివాళ్లొచ్చి, ఆమె ఇంటివరకే మోరీ తీసి, అవతలి గుడిసెలు వదిలేసి వెళ్లబోయారు. ఆమె అడ్డంగా నిలబడింది.

"గీడ ఆపమని ఎవరు చెప్పిన్రు? ఆఖరి గుడిసెదాక తీయాలె."

ఆ గుడిసె ముందు మురుగు కదిలాకే ఆమె ఇంట్లోకి వెళ్లింది.