మసుమి తొక్కిన దువ్వెన

జపాన్ కొండల్లోని మా యాబుహరలో బస్సు నడిపిన చేత్తో దువ్వెనలు కోసే మనిషి ఒక్కతే ఉంది, మసుమి. కిసో లోయ రోడ్ల మీద ఇరవై రెండేళ్ళు బస్సు తిప్పింది. ఎక్కేవాళ్ళు తగ్గిపోయి ఆ రూటు ఎత్తేశాక, నలభై ఏడో ఏట దువ్వెనలు చేసే గెంపచి మేస్త్రీ కొట్టు ముందు నిలబడి పని నేర్పమని అడిగింది. ఆయన ఆమె మొహం చూడలేదు, చేతులు చూశాడు. స్టీరింగు పట్టి పట్టి అరచేతులు కాయలు కాసి ఉన్నాయి.

“కాయలు ఉండాల్సిన చోట లేవు. అయినా చూద్దాం,” అన్నాడు.

ఆ చూడడానికి మూడేళ్ళు పట్టింది. మొదటి ఏడాదంతా ఆకురాయితో రంపానికి పదును పెట్టడమే పని. రెండో ఏడు వాగు ఒడ్డున దొరికే గరుకు గడ్డిని సన్నటి పుల్లలకి అంటించి, మేస్త్రీ కోసిన పళ్ళ సందులు నునుపు చేసింది. మూడో ఏడు రంపం చేతికొచ్చింది గానీ, ఆమె కోసిన దువ్వెనలన్నీ పొయ్యిలోకే పోయాయి. ఆ చలికాలం మేస్త్రీ ఇంట్లో టీ నీళ్ళన్నీ మసుమి దువ్వెనల మీదే కాగాయని ఊళ్ళో అనుకునేవాళ్ళు. మసుమి కూడా ఆ మాట నవ్వుతూ చెప్పుకునేది.

అరచేతి వెడల్పున్న మినెబారి అనే గట్టి చెట్టు చెక్కలో నూరు పళ్ళు రావాలి, అదీ ముందుగా గీతలు గియ్యకుండా. గీత గీస్తే కన్ను పని మానేస్తుందంటాడు మేస్త్రీ. అందుకని మసుమి పెదాలు కదుపుతూ స్టాపులు లెక్కపెట్టుకునేది. ఆమె రూటులో స్టాపులు ముప్పై మూడు. మూడుసార్లు తిరిగితే తొంభై తొమ్మిది, ఆఖరి పన్ను డిపో. పద్దెనిమిదో పంటి దగ్గర మాత్రం చెయ్యి ఎప్పుడూ నెమ్మదించేది. ఎందుకలా అని మేస్త్రీ అడిగాడు.

“అక్కడ ఇరుకు వంతెన ఉంది మేస్త్రీ. చెయ్యి దానంతటదే బ్రేకేస్తోంది.”

ఆయన నవ్వలేదు గానీ, మర్నాటి నుంచి ఆ పన్ను దగ్గరికి రాగానే “వంతెన దాటేశాం, పోనియ్” అనడం మొదలుపెట్టాడు.

నాలుగో ఏడు ఆకులు రాలే కాలానికి మేస్త్రీ కుడి చెయ్యి వణకడం మొదలైంది. అప్పుడు అసలు విషయం చెప్పేశాడు. మొదటి మంచు పడేలోగా మసుమి కోసిన దువ్వెన ఒక్కటైనా తోషినో బామ్మ తల మీద పాసవ్వాలి. లేకపోతే కొట్టుకి తాళం వేసి మత్సుమోతో పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడు. పదేళ్ళుగా ఆరబెట్టిన చెక్క పలకలన్నీ చాప్‌స్టిక్స్ చేసేవాడికి పోతాయి.

తోషినో బామ్మ అంటే మా ఊరి సత్రం యజమానురాలు. ఎనభై మూడేళ్ళు. జుట్టు నడుం దాకా ఉంటుంది, నాలుక అంతకంటే పొడుగు. గెంపచి మేస్త్రీ కుర్రాడిగా ఉన్నప్పుడు కూడా ఆయన మొదటి దువ్వెనకి పరీక్ష ఆవిడ తలే. మూడుసార్లు తిప్పి పంపిందని ఇప్పటికీ ఆయన ముందే చెబుతుంది.

మసుమి పలకలన్నీ తిరగేసి అన్నిటికంటే అందమైనది ఏరుకుంది. చెక్కలో నార అలలు అలలుగా తిరిగి, నూనె రాస్తే నీళ్ళలా మెరిసేది. దాని మీద పదకొండు రోజులు పనిచేసింది. మేస్త్రీ ఆ పలకని చూసి ఏమీ అనలేదు. అడిగితే తప్ప చెప్పడం ఆయనకి అలవాటు లేదు, అడగడం మసుమికి తట్టలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే తోరీ కనుమ మీద మబ్బు దిగింది. తోషినో బామ్మ జుట్టు విరబోసుకుని వచ్చి కూర్చుంది. మసుమి రెండు చేతులతో దువ్వెన అందించబోయింది. దువ్వెనకి రాసిన కమేలియా గింజల నూనె ఇంకా వేళ్ళకి ఉందేమో, అది జారి నేల మీద పడింది.

పడిన దువ్వెనని ఉత్త చేత్తో తీస్తే దుఃఖం వెంటొస్తుందని, ముందు కాలితో తొక్కి ఆ తర్వాత తియ్యాలని మా ఇళ్ళలో పిల్లలకి మాటలతో పాటే నేర్పుతారు. మసుమి కాలు ఆమెని అడగలేదు. మేజోడు కాలితో తొక్కేసింది, అదీ బస్సు బ్రేకు తొక్కినంత గట్టిగా.

టప్‌మని చప్పుడు. నాలుగు పళ్ళు పోయాయి.

బామ్మే ముందు తేరుకుంది.

“ఏమే, ఆచారం పాటించావు సరే. దాన్ని చంపమని ఎవరు చెప్పారే నీకు?”

మసుమి కూలబడి విరిగిన పళ్ళు ఏరింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ కళ్ళు ఆ పళ్ళ మీదే ఆగిపోయాయి. నాలుగూ అల వంపు తిరిగిన చోటే విరిగాయి. పంటి పొడవునా నిటారుగా పోవాల్సిన నార అక్కడ అడ్డంగా తెగి ఉంది. తొక్కకపోతే మరో నెలకి బామ్మ తలలోనే విరిగేవి. మేస్త్రీ వైపు చూసింది. ఆయన టీ ఊదుకుంటూ అన్నాడు, “మంచు ఇంకా పడలేదుగా.”

మసుమి లేచి వెళ్ళి అన్నిటికంటే మామూలుగా ఉన్న పలక తెచ్చింది. నార దారం లాగినట్టు తిన్నగా ఉంది, చూడ్డానికి ఏమీ లేదు. కూర్చుని కోయడం మొదలుపెట్టింది. ఆ పదకొండు రోజులూ స్టాపు స్టాపుకీ భయపడిన చెయ్యి ఈసారి ఆగలేదు. వంతెన కూడా వేగంగానే దాటింది. బామ్మ జుట్టు విరబోసుకునే మధ్యాహ్నం భోజనం చేసింది, అక్రోటు ముద్ద పూసి కాల్చిన అన్నం బిళ్ళలు రెండు తెప్పించుకుని తింది, కోడలి మీద నాలుగు చాడీలు చెప్పింది.

మసుమి పళ్ళ సందులు నునుపు చేస్తుండగా తెరిచిన తలుపు బయట తెల్లగా రాలడం మొదలైంది. బామ్మ గబుక్కున లేచి తలుపు జరిపి మూసేసింది.

“ఏమిటక్కా అది?” అన్నాడు మేస్త్రీ.

“బూడిద. పక్కింటివాళ్ళు ఆకులు తగలబెడుతున్నారు.”

“చల్లగా ఉందే ఈ బూడిద.”

“ముసలితనం వస్తే అన్నీ చల్లగానే ఉంటాయి. టీ తాగు.”

ఆయన టీ తాగాడు. తలుపు వైపు మళ్ళీ చూడలేదు.

దువ్వెన పూర్తయింది. మసుమి నూనె తుడిచి, బామ్మకి ఇవ్వకుండా నేల మీద పెట్టింది. అదే కాలితో, అంతే గట్టిగా తొక్కింది. తీసి వెలుతురుకి పట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. మూడు ట్రిప్పులూ డిపో. ఒక్కటీ పోలేదు.

“తొక్కిన దువ్వెన నా తలకా?” అంటూనే బామ్మ తల వంచింది. దువ్వెన నుదుటి దగ్గర మొదలై నడుం దాకా ఎక్కడా ఆగకుండా దిగింది. రెండోసారి దిగింది. అయిదోసారికి బామ్మ నిద్రపోయింది.

మేస్త్రీ తన రంపం పాత గుడ్డలో చుట్టి మసుమి బల్ల మీద పెట్టి, తలుపు జరిపి తెరిచాడు. వీధంతా అప్పటికే తెల్లబడింది. “బూడిద బాగా పడింది,” అన్నాడు.

ఆయన మత్సుమోతో వెళ్ళలేదు. రోజూ వచ్చి టీ తాగి, “వంతెన వచ్చింది” అని వెనకనుంచి హెచ్చరిస్తుంటాడు. మసుమి ఇప్పటికీ కొత్త పలక నుంచి కోసిన మొదటి దువ్వెనని నేల మీద పెట్టి ఒకసారి తొక్కుతుంది. కొనేవాళ్ళకి ఆ సంగతి చెప్పదు. తోషినో బామ్మ మాత్రం సత్రంలో దిగిన ప్రతి ఒక్కరికీ చెబుతుంది.