స్కూటర్ మీద నడిమి సీటు

నిన్న సాయంత్రం మా మనవరాలు ట్యూషన్ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా "ఆజీ, గిది చూడు" అంటూ నోట్‌బుక్కు నా ఒళ్లో పడేసింది. పేజీ నిండా ఒక స్కూటర్ బొమ్మ. నడిపే మనిషి వీపు మీద 'స్విచ్' అని, వెనక కూర్చున్నామె చీర మీద 'ఆఫ్' అని, ఇద్దరి మధ్యా ఇరుక్కున్న చిన్నపిల్ల మీద 'ఇట్' అని రాసి ఉంది. ట్యూషన్ చెప్పేది మా మేనమామ కూతురే, నాకు వరసకు మరదలు. నాందేడ్‌లో మా పేట పిల్లలందరికీ ఇంగ్లీషు వచ్చింది ఆమె దగ్గరే. ఆ బొమ్మ చూడగానే నాకు ఒళ్లు మండింది. అది మా నాయన స్కూటర్, మా నాయన పాఠం. ఆమె దాన్ని ఏళ్ల తరబడి తన సొంత సొమ్ములాగా పంచిపెడుతుంటే, కన్నకూతురిని నేను ఇంట్లో పప్పుకు పోపు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఈ వయసులో అసూయ ఏమిటని నవ్వకండి. మోకాళ్లు అరిగాయి గానీ అది అరగలేదు.

నాయన రైల్వేలో గూడ్సు క్లర్కు. నిజామాబాద్ దిక్కు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ ఉండగా అవి చాలవన్నట్టు ఆయనకు ఇంగ్లీషు పిచ్చి. పుస్తకం ముందేసుకుని నేర్పడం ఆయన పద్ధతి కాదు. వంటింటి గుమ్మం పక్కన మేకుకు ఒక పలక వేలాడేది. డ్యూటీకి పోయే ముందు దాని మీద ఒక వాక్యం రాసి, పక్కన చిన్న బొమ్మ వేసేవాడు. ఎవరు ముందు చదివితే వాళ్లు ఆ పని చేయాలి, మారుమాట ఉండకూడదు. 'టేక్ దెమ్ ఇన్' అని రాసి చొక్కా బొమ్మ వేస్తే, ఆరిన బట్టలు లోపలికి తేవాలి. అమ్మకు చదువు రాదు కాబట్టి ఎప్పుడూ తప్పించుకునేది. "నాకు రాకపోవుడే మంచిగైంది, లేకుంటె గా పలక కింద నౌకరి చేస్తుంటి" అని నవ్వేది.

నాకు మాత్రం ఒక దగ్గర బండి కదిలేది కాదు. తెలుగులో ఫ్యాన్ 'ఆపు' అంటే సరిపోతుంది, దేన్ని అనేది ఎదుటివాడే చూసుకుంటాడు. ఇంగ్లీషులో ఆ 'దేన్ని' అన్నదానికి కూడా ఒక సీటు వేయాలి. పలక మీద రాసింది చూసి చేసేదాన్నే గానీ, నోటితో చెప్పమంటే ఎప్పుడూ 'స్విచ్ ఆఫ్ ఇట్' అనేదాన్ని. ఒక ఆదివారం నాయన నన్నూ అమ్మనూ స్కూటర్ ఎక్కించి, కిక్కు కొట్టకుండా అలాగే కూర్చోబెట్టి చెప్పాడు. "నేను 'స్విచ్', మీ అమ్మ 'ఆఫ్'. ఫ్యాన్ అని పేరు పెట్టి పిలిస్తె అది పెద్దమనిషి. నడుమనన్న కూసుంటది, అందరి ఎనుకనన్న కూసుంటది, దాని ఇష్టం. 'ఇట్' అంటె చిన్నపోరి. చిన్నపోరి ఏడ కూసోవాలె? నడుమనే. ఎనుక కూసుంటె పడిపోతది." అప్పుడు నడుమ ఉన్నది నేనే. నాయన వీపుకు చెంప ఆనించి, అమ్మ చెయ్యి నా నడుం చుట్టూ ఉండగా, పాఠం తలకెక్కకపోయినా ఆ చోటు మాత్రం నాదేనని అర్థమైంది.

అదే ఏడు మా మేనమామ తన బిడ్డను ఇస్లాపూర్ నుంచి తెచ్చి మా ఇంట్లో చదువుకు పెట్టాడు. నాకు పదేళ్లు, ఆమెకు తొమ్మిది. పుల్లలా ఉండేది, మాట బయటికి వచ్చేది కాదు. మొదటిరోజే నాయన నాతో "నీకు కాళ్లు పొడుగైనయి, నువ్వు ముంగట నిలవడు. కొత్తపిల్ల భయపడ్తది, నడుమ కూసుంటది" అన్నాడు. నేను ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంటే, అద్దంలో నాయన వీపుకు ఆనించిన ఆమె చెంప కనిపించేది. అంతటితో ఆగితే బాగుండేది. నాలుగు నెలలు తిరక్కుండా పలక చదవడంలో నన్ను దాటిపోయింది. నేను పళ్లు తోముకునేలోపే బట్టలు లోపలికి వచ్చేవి, బకెట్లు నిండేవి. స్కూటర్ మీద 'పిక్ ఇట్ అప్', 'పుట్ ఇట్ డౌన్' అని ఆమె చెబుతుంటే నాయన "శాబాష్ బిడ్డా" అనేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి, ఆమెను బిడ్డా అనేవాడు. నెత్తురు పంచుకున్నది నేనైతే, పలక పంచుకున్నది ఆమె.

మేనమామ నెలకోసారి ఆదివారంనాడు బజారు పనికి వచ్చి మా ఇంట్లో అన్నం తిని పోయేవాడు. అలాంటి ఒక ఆదివారం నాయనకు డ్యూటీ పడింది. ఆయన వెళ్లగానే నేను పలక తుడిచి, ఆయన రాసినట్టే పెద్దక్షరాలతో 'సెండ్ హర్ బ్యాక్' అని రాశాను. పక్కన రైలు బొమ్మ కూడా వేశాను. నా జన్మలో మొదటిసారి, ఎవరూ దిద్దకుండా, 'హర్' అనే చిన్నపోరిని సరిగ్గా నడుమ కూర్చోబెట్టాను. ఆమె వచ్చి చదివింది. రెండోసారి చదివింది. పోయి బట్టలు సంచిలో సర్దుకుంది. మధ్యాహ్నం వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఇంటి మీద బెంగ అనుకుంది అమ్మ. నేను పలక తుడిచేశాను.

నడిమి సీటు నాకు తిరిగి వచ్చింది. కానీ నాయన స్కూటర్ మీద ఇంగ్లీషు మాట్లాడటం మానేశాడు. "పోరి చెప్పకుండ పాయె, మనం ఏం తక్కువ చేసినం?" అని అమ్మను అడిగేవాడు. ఆ మాట ఆయన వీపులోంచి నా చెంపకు తగిలేది. మరుసటి నెల మేనమామ వచ్చాడు గానీ అన్నానికి కూర్చోలేదు. "బావా, పలక మీద రాసి పంపుడేంది? నోటితోని ఒక్కమాట అంటె నేనే తోలుకపోతుంటి గదా" అన్నాడు. నాయన నా వైపు చూశాడు. ఇంట్లో సుద్దముక్క పట్టేది ఆయన తర్వాత నేనొక్కదాన్నే. కొడతాడనుకున్నాను. మేనమామను బతిమాలి అన్నం పెట్టించాడు, అంతే. తెల్లవారి లేచేసరికి పలక మీద 'బ్రింగ్ హర్ బ్యాక్' అని ఉంది. పక్కన రైలు, దానికి పొగ కూడా.

పలక మాటకు తిరుగు లేదు కదా. ఆదిలాబాద్ బండిలో నాయన నన్ను ఇస్లాపూర్ తీసుకుపోయి, మేనమామ చేను గట్టు మీద ఆగిపోయాడు. "నువ్వే పో" అన్నాడు. ఆమె ఒడి కట్టుకుని పత్తి తీస్తోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"నాయన రమ్మంటుండు" అన్నాను.

"మామ రమ్మంటుండా, నువ్వు రమ్మంటున్నవా వదినె?"

అబద్ధం ఆడటం ఎంత తేలికో, ఆ ఒక్క నిజం చెప్పడం అంత కష్టమైంది. "నేనే. గది రాసింది గూడ నేనే" అన్నాను. ఆమె ఒడిలోని పత్తి గంపలో పోసి, "నాకు తెలుసు. మామ వేసే రైలుకు పొగ ఉంటది" అని నాతో నడిచింది. తెలిసి కూడా ఎందుకు వెళ్లిపోయావని అడగడానికి నాకు నోరు రాలేదు. ఉండొద్దని నేను అన్న ఇంట్లో ఎలా ఉంటుంది?

నాందేడ్ వచ్చాక నాయన ఎంత చెప్పినా ఆమె నడుమ కూర్చోలేదు. "నాకు ముంగటనే మంచిగుంటది మామా" అని హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. పెళ్లయి వెళ్లేదాకా నాయన వెనకాల సీటు నాదే. ఒక్కరోజు కూడా దాని మీద సుఖంగా కూర్చోలేదు. ఇంగ్లీషు ముందు నిలబడ్డ ఆమెకే వచ్చింది.

ఇదంతా నెమరేసుకుంటూ నోట్‌బుక్కు మూయబోతుంటే మనవరాలు చెయ్యి పట్టుకుంది. "ఆగు ఆజీ. టీచర్ ఆజీ ఏం చెప్పిందంటె, గీ నడుమ పోరి మీ ఆజీ అన్నది. ఎప్పటికి గామెనే నడుమ కూసుంటుండె, నేను ముంగట నిలవడి గాలి తింటుంటి అన్నది."

"ఎప్పటికి అన్నదా?"

"హో. ఎప్పటికి."

కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాను. హ్యాండిల్ దగ్గర, నడిపే మనిషి చేతుల మధ్య, పుల్లలాంటి పిల్ల ఒకతె నిలబడి ఉంది. మంటలో ఉండి ఇందాక చూడలేదు. ఆమె మీద ఏ మాటా రాసి లేదు. తను నడుమ కూర్చున్న నెలలనూ, నేను పలక మీద రాసినదాన్నీ ఆమె ఆ కథలోంచే తీసేసింది. కాలం స్కూటర్‌ను పాతసామానుకు పంపింది, నాయనను తీసుకుపోయింది, నా అసూయను మాత్రం ముట్టుకోలేదు. కాకపోతే ఇన్నేళ్లూ ఆ సీటు మీద ఉన్నది, నిన్నటి నుంచి ఆమె మనసు మీదికి మారింది.