రెస్తూత కుడిచెయ్యి

కార్తేజు రేవులో చేపలమ్మే రెస్తూత ఇప్పుడు పొలుసు తీసినా, ముఖం కడుక్కున్నా ఎడమచేత్తోనే. రోమా చక్రవర్తి ఆజ్ఞకి లొంగి, క్రీస్తుని కాదని విగ్రహం ముందు చిటికెడు సాంబ్రాణి వేసిన రోజు నుంచి కుడిచెయ్యి పైబట్టలోనే ఉంటుంది. ఆదివారాలు ప్రార్థన జరిగే ఇంటి గడప బయటే నిలబడి, లోపలి పాటకి పెదవులు కదుపుతుంది.

చెరసాల నుంచి తిరిగొచ్చిన యాదేర్ తాత మొన్న ఆదివారం ఆ ఇంటికి వచ్చాడు. రెండు కళ్లూ పొడిచేశారు. “తాతా, గడప!” అన్న ఆమె గొంతు గుర్తుపట్టి ఆగాడు.

“రెస్తూతవేనా? కొరడాలు తగులుతుంటే నేనూ సాంబ్రాణి వేసేద్దామనుకున్నానే తల్లీ. ‘చేపల రెస్తూతే వెయ్యనందట, నీకేం రోగం ముసలోడా’ అన్నారు చెరలో ఉన్న మనవాళ్లు. సిగ్గేసి ఆగిపోయాను. ఏదీ, సాంబ్రాణి వెయ్యని ఆ చెయ్యి ఇలా ఇయ్యి, ముద్దు పెట్టుకుంటా.”

రెస్తూత ఎడమచెయ్యి అందించింది.