బ్యాకప్ డిస్కులో చేరని పాటలు

నిన్న మా మనవరాలు నా ఫోన్‌లో ఏదో నొక్కి, "తాతా, ఇగ నీ పాటలు ఎటూ పోవు, వాటంతట అవే భద్రమైతయి" అని చెప్పి ఆడుకోవడానికి పోయింది. వాటంతట అవే జరిగే పనులంటే నాకు మొదటినుంచీ అనుమానమే. నా ఈడువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పాలు కళ్లముందే కొలిచి పోసినా గిన్నె వంచి చూసుకున్న తరం మనది.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. వనస్థలిపురంలో మా ముందుగదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. అందులో నేను ఏళ్లతరబడి పోగేసిన సినిమా పాటలూ, మైకు ముందు కూర్చుని మా ఆవిడ పాడిన బతుకమ్మ పాటలూ ఉండేవి. నల్లగొండ జిల్లాలో తన తల్లిగారి వాడకట్టున నేర్చుకున్న ఆ పాటలు ఆమెకు తప్ప మా ఎరుకలో ఇంకెవరికీ రావు. అలాంటిది ఆమె గొంతులో గడ్డ లేచింది, ఆపరేషన్ తప్పదు, తర్వాత గొంతు ఎట్లుంటుందో చెప్పలేమని దవాఖానలో డాక్టరమ్మ అన్న రోజునుంచీ నా ధ్యాసంతా ఆ కంప్యూటర్ మీదే. నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ఆ డొక్కుది పూర్తిగా మూలపడితే ఆమె పాట కూడా దాంతోపాటే పోయినట్టు.

మేడ మీద కిరాయికున్న మాస్టారు గుంటూరు వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. మంచివారే, కానీ ఏ ఊరో తెలుసుకున్నాకే మాట కలిపే రోజులవి, ఆయన మీద నాకూ నా మీద ఆయనకూ రవ్వంత శంక ఉండేది. వేరే డిస్కులోకి పాటలు బ్యాకప్ చేసుకోమని చెప్పి, మూడు ప్రోగ్రాములు తెచ్చి చూపించారు. ఒకటి పాటల్ని ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో దాస్తుందట. మా ఆవిడ పాట ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో ఎందుకుండాలి? ఇంకొకటి కొన్నాళ్లు ఊరికే పనిచేసి తర్వాత పైసలు అడుగుతుందట. ఇవ్వనంటే పాటల్ని పట్టుకుని కూర్చోదని నమ్మకమేమిటి? మూడోది మొత్తానికే ఉచితం. ఊరికే ఇచ్చేవాళ్లంటే నాకు మరీ భయం, అయినా గత్యంతరం లేక దానికే ఒప్పుకున్నాను.

మొదటిసారి అది మధ్యాహ్నమంతా కాపీ చేసింది, నాకు కాస్త గౌరవం కలిగింది. మర్నాడు మాత్రం చాయ్ తాగేలోపు పని అయిపోయిందని చెప్పేసరికి నేను నేరుగా మేడెక్కాను. "పాతవి ఆల్రెడీ ఉన్నాయి కదండీ, కొత్తగా చేరినవీ మారినవీ మాత్రమే తీసుకుంటుంది. దీని గొప్పే అది" అని నవ్వారు మాస్టారు. పని ఎగ్గొట్టే ప్రతివాడూ చెప్పే మాటే ఇది! కిందికొచ్చి గొణుక్కుంటుంటే మా ఆవిడ, "నువ్వు నీ నీడను గూడ నమ్మవు" అని దెప్పింది.

ఆపరేషన్ రేపనగా ఇక ఉండబట్టలేకపోయాను. డిస్కును మా కంప్యూటర్లోనే తెరిస్తే అది చెప్పిందే నిజమనుకోవాలి, అందుకని ఎల్‌బీ నగర్‌లో మా బామ్మర్ది ఇంట్లో చూద్దామని బయల్దేరాను. ఆరోజు బంద్, ఆటోలు కూడా లేవు, డిస్కును టిఫిన్ సంచిలో పెట్టుకుని నడిచాను. చౌరస్తాలో పోలీసాయన ఆపి, సంచిలో చెయ్యిపెట్టి, ఇదేందని అడిగాడు. పాటలన్నాను. ఆ రోజుల్లో పాటలంటే ఊరుకుంటారా! "ఏం పాటలు? ఎవలు పాడిన్రు?" అన్నాడు. "మా ఇంటామె సార్, బతుకమ్మ పాటలు. రేపు ఆమెకు గొంతు ఆపరేషన్" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, డిస్కు చేతిలో పెట్టి పొమ్మన్నాడు.

బామ్మర్ది డిస్కు తెరిచాడు. సినిమా పాటలు ఒక్కటి తగ్గకుండా ఉన్నాయి. మా ఆవిడవి ఒక్కటీ లేవు! మేడమీది మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. బామ్మర్ది మా ఇంటికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. "కాపీ చెయ్యకముందే నేనే తీసి వేరేతాన పెట్టిన. సారు ఒచ్చి కంప్యూటర్ ముందల కూసుంటుండె, నా పాట ఇంటడేమోనని సిగ్గయింది" అంది మా ఆవిడ. పాటలు ఏ ఫోల్డర్లో ఉన్నాయని చెప్పామో ఆ ప్రోగ్రాం అందులోనే చూసింది, ఆమె దాచిన చోటు దానికేం తెలుసు?

సాయంత్రానికి ఇల్లు చేరితే మాస్టారు అప్పటికే కింద ఉన్నారు, ఆమే పిలిచిందట. ఆ ఫోల్డర్ కూడా చేర్చి నడిపించారు. అంతా అయ్యాక, "ఒకటి పెట్టుండ్రి సారూ, మీరు గూడ ఇనుండ్రి" అంది ఆమె. ఆయన తల వంచుకుని పాట అయ్యేదాకా కదలలేదు. ఆ పూట మా ఇంట్లో ఎవరిది ఏ ఊరో ఎవరికీ గుర్తులేదు.

రాష్ట్రం వచ్చింది. మాస్టారు మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. ఆపరేషన్ బాగానే జరిగి ఆమె నాకు దక్కింది, గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. ఇప్పుడు ఎవరూ దేన్నీ తెరిచి చూసుకోరు, పచ్చగా టిక్కు పడితే చాలు. నేను మాత్రం ఇప్పటికీ డిస్కు తెరిచి ఆమె పాట ఒకటి మొదటినుంచి చివరిదాకా వింటాను. నీ అనుమానం ఇంక పోదా అని ఆమె చెయ్యి ఊపి సైగ చేస్తుంది. పోనీలే, అనుమానమనే అనుకోనీ.